గోడ నిలిచెను, గది పోయెను
(లోకప్రభావములనుండి విశ్వాసి తన్ను కాచుకొనుటనుగూర్చి నెహెమ్యా గ్రంథ పాఠము)

పాఠ్యభాగములు: నెహెమ్యా 2:11–20; 4:1–23; 6:1–19; 13:4–31
ధ్యానవాక్యము: సామెతలు 4:23

బబులోను సైన్యము కూల్చిన యెరూషలేము ప్రాకారము సుమారు నూట నలువది సంవత్సరముల తరువాత నెహెమ్యా నాయకత్వమున మరల లేచెను. ఆ పని 52 దినములలో ముగిసెను. ఏలూలు మాసము ఇరువది యైదవ దినమున చివరి రాయి పెట్టబడగా, అంతవరకు నవ్విన శత్రువులు బహుగా అధైర్యపడిరి (6:15, 16). ఈ పుస్తకమునుగూర్చిన అనేక ప్రసంగములు ఇక్కడనే ఆగిపోవును. అయితే నెహెమ్యా గ్రంథమునకు పదమూడు అధ్యాయములున్నవి. కడపటి అధ్యాయములో ఒక వింత కనబడుచున్నది. గోడ చెక్కుచెదరలేదు, తలుపులు విరుగలేదు, అడ్డగడియలు ఊడలేదు. అయినను గోడ కట్టకుండ ఆపజూచిన అమ్మోనీయుడైన టోబీయా గోడ లోపల కాపురమున్నాడు. పట్టణపు మూలలో కాదు, దేవుని మందిరపు ఆవరణములోనే అతనికి ఒక గొప్ప గది దొరికినది. దానిని అతనికి సిద్ధపరచి యిచ్చినవాడు ఒక యాజకుడు (13:4, 5).

వెలుపలివాడు లోపలికెట్లు వచ్చెను? క్రైస్తవ జీవితములో లోకప్రభావములకు అడ్డుకట్ట వేయగోరు ప్రతివాడును ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనవలెను. ఏలయనగా గోడ కట్టుటలో గెలిచినవారే గది అప్పగించుటలో ఓడిపోయిరి.

1. ముందుగా పాడైన చోటును చూడవలెను

పారసీక రాజైన అర్తహషస్త యేలుబడియందు ఇరువదియవ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 445 ప్రాంతమున, షూషను కోటలో రాజునకు పానదాయకుడుగా నున్న నెహెమ్యాకు తన సహోదరుడైన హనానీవలన యెరూషలేము వార్త తెలిసెను. అతడు కూర్చుండి యేడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. కిస్లేవు మాసమున విన్న వార్తనుగూర్చి నీసాను మాసమున గాని రాజునెదుట నోరు తెరువలేదు. నడుమ గడచిన నాలుగు మాసములు ప్రార్థనలో గడచినవి.

యెరూషలేము చేరిన తరువాత మూడు దినములకు, రాత్రివేళ కొద్దిమందితో లేచి, కూలిన గోడలను కాలిన గుమ్మములను అతడు కన్నులార చూచెను (2:11–15). ఒకచోట రాళ్లకుప్పల మధ్య అతడెక్కిన పశువు పోవుటకు ఎడము లేకపోయెను. 1961 మొదలుకొని 1967 వరకు యెరూషలేములో త్రవ్వకములు జరిపిన కాథ్లీన్ కెన్యన్ అను పురావస్తు శాస్త్రజ్ఞురాలు, పట్టణపు తూర్పు వాలు అంతయు కూలిన మెట్లకట్టల శిథిలములతో నిండిపోయినందున నెహెమ్యా పాత గోడ వెంబడి గాక కొండకొనమీద క్రొత్త గోడ వేయించెనని అభిప్రాయపడెను. ఆ రాత్రి కష్టము ఎంతటిదో దీనివలన ఊహింపవచ్చును.

విశ్వాసి నేర్వవలసిన మొదటి సంగతి ఇది. "నేను పాపిని, బలహీనుడను" అని మొత్తముమీద ఒప్పుకొనుట సులభము. ఏ గుమ్మము కాలినదో, ఏ మూల గోడ జారినదో గుర్తించుట కష్టము. ఏ గడియలో, ఏ స్నేహములో, ఏ లెక్కల పుస్తకములో, ఏ చూపులో శత్రువునకు త్రోవ దొరకుచున్నదో తెలియనివాడు ఎచ్చట రాయి పెట్టును? దీపము పట్టుకొని ఒంటరిగా తన హృదయమును చుట్టి చూచుకొను రాత్రి లేకుండ 52 దినముల పని మొదలుకాదు.

2. ఎవని యింటి యెదుట వాడు

మూడవ అధ్యాయము చదువుటకు పేళ్ల పట్టికవలె కనబడును. గాని అందులో ఒక మాట పలుమారులు వచ్చును: ఫలానివాడు తన యింటి యెదుట బాగుచేసెను (3:10, 23, 28–30). కంసాలులు, సుగంధద్రవ్యములు చేయువారు, యాజకులు, అధిపతులు, షల్లూము అను అధిపతియు అతని కుమార్తెలును గోడ కట్టిరి. పెంట ద్వారమును బాగుచేయుటకు ఒక ప్రదేశపు అధిపతియే పూనుకొనెను. పనికి మెడ వంచనివారు తెకోవీయుల ఘనులు మాత్రమే (3:5).

సంఘమంతటికి కాపరి యొక్కడే గోడ కట్టలేడు. ఆదివారపు ఆరాధన ఒక్కటే ఆరు దినములకు కావలి కాయలేదు. ఏ యింటి బీట ఆ యింటివారికే తెలియును. ఒక యింట అప్పుచేసి ఆడంబరముగా బ్రదుకు వ్యామోహము, ఒక యింట మద్యపానము, ఒక యింట చాడీలు, మరియొక యింట తండ్రికి ఒకటి, తల్లికి ఒకటి, బిడ్డలకు ఒకటిగా సెల్‌ఫోనులు వెలుగుచుండగా మూలనున్న బైబిలుమీద దుమ్ము. పొరుగువాని గోడ బీటలు లెక్కించుటలో దినము గడపువాడు తన యింటి యెదుట ఒక రాయియైనను పెట్టలేడు.

3. శత్రువు మార్చిన వేషములు

లోకము ఎల్లప్పుడు ఒకే విధముగా రాదు. సన్బల్లటు, టోబీయా, గెషెము అనువారు వరుసగా ఎన్ని వేషములు మార్చిరో గమనింపదగినది. ఈ సన్బల్లటు సామాన్యుడు కాడు. ఐగుప్తులోని ఎలిఫంటీను ద్వీపమున దొరికిన క్రీ.పూ. 407 నాటి పత్రమొకటి అతనిని షోమ్రోను అధిపతిగా పేర్కొని, అతని కుమారుల పేళ్లను తెలుపుచున్నది.

మొదటిది హేళన. నక్క యెగిరినను ఈ గోడ పడిపోవునని టోబీయా నవ్వెను (4:3). కళాశాలలో ప్రార్థన చేయు యువకుడును, కచేరిలో లంచము ముట్టని ఉద్యోగియు ఈ నవ్వును ఎరుగుదురు. రెండవది భయము. శత్రువులు కూడి యుద్ధమునకు వత్తుమని బెదరించిరి (4:8, 11). మూడవది అలసట. చెత్త విస్తారమైయున్నది, బరువులు మోయువారి బలము తగ్గిపోయినదని యూదావారే పలికిరి (4:10). ఇది శత్రువు మాట కాదు, తనవారి మాటయే. అందుచేత ఇది మరి ప్రమాదము.

నాలుగవది ఆహ్వానము. ఓనో మైదానమున కలిసికొందము రమ్మని నాలుగు మారులు కబురు వచ్చెను (6:2–4). గొప్ప పనిలో నున్నవాడు దానిని విడిచి దిగి రాలేడని నెహెమ్యా నాలుగు మారులును ఒకే ఉత్తరమిచ్చెను. శోధన మరల మరల వచ్చినంత మాత్రమున జవాబు మార్చవలసిన పనిలేదు. అయిదవది నింద. విప్పియున్న పత్రిక నొకదానిని పంపి, తిరుగుబాటు చేయుచున్నాడను వదంతి పుట్టించిరి (6:5–7). ఆరవది భక్తి వేషము. షెమయా అనువాడు జీతము పుచ్చుకొని ప్రవక్తవలె మాటలాడి, మందిరములో దాగుకొని ప్రాణము కాపాడుకొమ్మనెను (6:10–13). లోకము ఒకప్పుడు వాక్యమువంటి మాటలతోనే మాటలాడును.

ఈ వేషములన్నిటికి నెహెమ్యా చేసినది రెండే పనులు: ప్రార్థనయు కావలియు (4:9). ప్రార్థన చేసి కావలి ఉంచనివాడు దేవుని శోధించును. కావలి ఉంచి ప్రార్థన మానినవాడు తన్ను తాను నమ్ముకొనును. పనివారు ఒక చేత పని చేయుచు ఒక చేత ఆయుధము పట్టుకొనిరి. బూర ఊదువాడు నెహెమ్యాయొద్ద నిలిచెను, ఎక్కడ బూరధ్వని వినబడిన అక్కడికి అందరు కూడవలెనని కట్టడ (4:17–20). శోధనలో ఒంటరిగా పోరాడు విశ్వాసి బూర ఊదుటకు సిగ్గుపడును. సహోదరునియొద్ద నోరు విప్పి, "ఇక్కడ గోడ పలుచగానున్నది, వచ్చి నాతో ప్రార్థించుము" అని చెప్పుట ఓటమి కాదు. ఎఫెసీయులకు 6వ అధ్యాయములో పౌలు సర్వాంగ కవచమును వర్ణించి, చివరకు పరిశుద్ధులందరి నిమిత్తము ప్రార్థన చేయుటయందు మెలకువగా నుండుడని చెప్పినదియు ఇదే భావము.

4. ఉత్తరములును వియ్యములును

గోడ నిలిచిన దినమే లోపల మరియొక సంగతి జరుగుచుండెను. యూదా ఘనులు టోబీయాకు మాటిమాటికి ఉత్తరములు వ్రాయుచుండిరి, అతనియొద్దనుండి ఉత్తరములు వచ్చుచుండెను (6:17). కారణమేమి? అతడు షెకన్యాకు అల్లుడు. అతని కుమారుడైన యెహోహానాను బెరెక్యా కుమారుడైన మెషుల్లాము కుమార్తెను పెండ్లియాడెను (6:18). ఈ మెషుల్లాము ఎవరు? మూడవ అధ్యాయములో రెండుమారులు (3:4, 30) గోడ బాగుచేసినవానిగా పేరు వ్రాయబడినవాడే. చేతితో గోడ కట్టెను, వియ్యముతో త్రోవ తెరచెను.

ఆ ఘనులు నెహెమ్యా ఎదుట టోబీయా గుణములను పొగడి, నెహెమ్యా మాటలను టోబీయాకు చేరవేయుచుండిరి (6:19). ఇందులో కత్తి లేదు, కేక లేదు. అంతయు మర్యాద, బంధుత్వము, మొగమాటము. హేళన, భయము, నింద సాధింపలేనిదానిని వియ్యము సాధించెను.

తెలుగు క్రైస్తవ కుటుంబములు ఈ చోట ఆగి ఆలోచింపవలెను. కుమారుడు బాప్తిస్మము పొందెను, ప్రభువు బల్లలో పాలుపొందుచున్నాడు, యువజన కూటములో సాక్ష్యమిచ్చుచున్నాడు. సంబంధము మాటలాడు దినమున పెద్దలు కూర్చుండగా మొదటి ప్రశ్న కులము, రెండవది కట్నము. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము ఇచ్చుటను పుచ్చుకొనుటను నేరమని చెప్పుచుండగా, అదే యింట ప్రధానమునాడు ప్రార్థనచేసి లాంఛనముల పట్టిక విప్పుదురు. కన్యక తండ్రి పొలము తాకట్టు పెట్టును. ఆ పెండ్లి దేవాలయములోనే జరుగును, శుభలేఖమీద వాక్యమును అచ్చువేయింతురు. గోడకు ఏ లోపమును కనబడదు. టోబీయా మాత్రము లోపలికి వచ్చినాడు.

నెహెమ్యా కాలమున ఇట్టి సంగతియే గోడ పనికి నడుమ వచ్చెను. బీదలు పొలములను ద్రాక్షతోటలను కుదువపెట్టి, కుమారులను కుమార్తెలను దాసులుగా అప్పగింపవలసివచ్చెనని మొఱపెట్టిరి. ఆ వడ్డి పుచ్చుకొనుచున్నవారు శత్రువులు కారు, సహోదరులే. నెహెమ్యా మిగుల కోపపడి, ఘనులను అధికారులను సభయెదుట గద్దించి, తీసికొన్నదానిని ఆ దినముననే తిరిగి యిప్పించెను (5:1–13). లోపల అన్యాయమును ఉంచుకొని వెలుపల గోడ ఎత్తుచేయుట వ్యర్థమని అతడెరిగెను.

5. ఖాళీయైన గది

నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు అధికారిగానుండి, అర్తహషస్త ముప్పది రెండవ సంవత్సరమున రాజునొద్దకు తిరిగి వెళ్లెను. కొంతకాలమైన పిమ్మట సెలవు పుచ్చుకొని మరల వచ్చి చూడగా టోబీయా గది కనబడెను. ఆ గది మునుపు దేనికుపయోగపడెను? నైవేద్య పదార్థములు, సాంబ్రాణి, పాత్రలు, ధాన్యము, ద్రాక్షారసము, నూనె, లేవీయులకును గాయకులకును ద్వారపాలకులకును నిర్ణయింపబడిన పదియవ భాగములు అందులో ఉంచబడుచుండెను (13:5). అదే కాలమున లేవీయులకు భాగములు అందనందున వారు తమ పొలములకు పారిపోయిరి (13:10). కానుకలు తగ్గినవి, సేవకులు వెళ్లిపోయిరి, పాట ఆగిపోయినది, గదిలో సామాను దిగినది. ఇవియన్నియు ఒకే జాబితాలోనివి.

సాంబ్రాణితో నిండిన గదిలో మంచము వేయుటకు చోటుండదు. దేవునికి ప్రత్యేకింపబడినది అందులోనుండి తొలగిన పిమ్మటనే టోబీయా సామానుకు చోటు దొరకును. ప్రభువైన యేసు చెప్పిన ఉపమానములో అపవిత్రాత్మ విడిచిపోయిన యిల్లు ఊడ్చి అమర్చబడియుండెను. అయినను అది ఊరక యుండినందున మరి చెడ్డవైన యేడు ఆత్మలు వచ్చి చేరెను (మత్తయి 12:43–45). శుభ్రమైన యిల్లును, నిండిన యిల్లును ఒకటి కాదు.

అనేకుల ఆత్మీయ రక్షణ చేయరాని వాటి పట్టికగా మిగిలిపోయినది. సినిమా చూడరాదు, పొగ త్రాగరాదు, ఫలాని చోటికి పోరాదు. ఇవి గోడలోని రాళ్లు, అవసరమే. అయితే ఉదయమున వాక్యమునకు కేటాయించిన అరగంటను ఏది ఆక్రమించినది? ప్రార్థనకు తీసిన గది దేనికి గిడ్డంగియైనది? పదియవ భాగముగా తీయబడిన సొమ్ము ఏ వాయిదాలకు పోవుచున్నది? సాంబ్రాణి ఎప్పుడు అయిపోయెనో ఎవరును గమనింపరు. టోబీయా వచ్చిన దినము మాత్రము అందరికి తెలియును.

6. మూయు గుమ్మము, తెరచు గుమ్మము

గోడ అనగా లోకమునుండి పారిపోవుట కాదు. గుమ్మములు లేని గోడ చెరసాలయగును. ఎండ ఎక్కువరకు తలుపులు తీయరాదనియు, ఎవని యింటి యెదుట వాడు కావలి కాయవలెననియు నెహెమ్యా కట్టడ చేసెను (7:3). విశ్రాంతిదినమునకు ముందు చీకటిపడగానే తలుపులు మూయించెను. వర్తకులు ఒకటి రెండుమారులు గోడవెలుపల రాత్రి గడిపి, గద్దింపబడిన పిమ్మట రాకపోయిరి (13:19–21). మిగిలిన దినములలో అదే గుమ్మమున జనులు వచ్చుచు పోవుచునుండిరి. ఏది ఎప్పుడు లోపలికి రావలెనో నిర్ణయించువాడు గుమ్మమునొద్ద మేలుకొనియుండవలెను. సెల్‌ఫోను చేతనుండుట పాపము కాదు. కుటుంబ ప్రార్థనవేళ అది మూయబడునా లేదా అనునదే గుమ్మపు ప్రశ్న.

ప్రభువు తన శిష్యులను లోకములోనుండి తీసికొనిపొమ్మని తండ్రిని వేడుకొనలేదు, దుష్టునినుండి కాపాడుమని వేడుకొనెను (యోహాను 17:15). కావున పొరుగువాని మతమును ద్వేషించుట, అతని యింటి సుఖదుఃఖములకు దూరమగుట ఆత్మీయ రక్షణ కాదు. నెహెమ్యా కొందరిని కొట్టి తలవెండ్రుకలు పెరికెనని వ్రాయబడియున్నది (13:25). అది జరిగినది జరిగినట్లు చెప్పబడిన చరిత్ర, క్రీస్తు సంఘమునకు ఆజ్ఞ కాదు. విశ్వాసి యుద్ధోపకరణములు శరీరసంబంధమైనవి కావు (2 కొరింథీయులకు 10:4). మోయాబీయురాలైన రూతు ఇశ్రాయేలు దేవుని రెక్కలక్రింద చేరి దావీదు వంశమునకు తల్లియయ్యెను. వెలివేయవలసినది మనుష్యుని కాదు, ఆరాధన స్థలమును ఆక్రమించిన సామానును.

ఇంకొక సంగతి మరువరాదు. క్రీస్తు తన సిలువచేత ఒక గోడను పడగొట్టెను, అది మనుష్యులను వేరుచేసిన మధ్యగోడ (ఎఫెసీయులకు 2:14). హృదయము చుట్టు ఉండవలసిన గోడను కూలనిచ్చి, మనుష్యుల నడుమ క్రీస్తు కూల్చిన గోడను మరల కట్టుకొనుట ఎంత తలక్రిందులైన పని! కులమునుబట్టి సమాధులకు స్థలమును, సంఘములో ఆసనమును, పెండ్లికి సంబంధమును నిర్ణయించు సంఘము లోకమును కాదనినట్లు తలంచుకొనినను, లోకపు గోడనే తన ఆవరణములో నిలుపుకొన్నది.

7. సామాను బయట వేసిన పిమ్మట

టోబీయా గదిని చూచినప్పుడు నెహెమ్యాకు బహు దుఃఖము కలిగెను. అతడు మూడు పనులు చేసెను (13:8, 9). మొదట టోబీయా సామగ్రి అంతయు బయట పారవేసెను. వియ్యంకులు ఏమనుకొందురోయని ఒక పెట్టెనైనను ఉంచలేదు. పిమ్మట గదులను శుద్ధిపరచవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ఒక గది అపవిత్రముకాగా గదులన్నియు శుద్ధిచేయబడెను, ఏలయనగా ఒక చోట చేరినది ప్రక్కగదిని అంటకుండ పోదు. కడపట మందిరపు పాత్రలను, నైవేద్య పదార్థములను, సాంబ్రాణిని తిరిగి అక్కడనే పెట్టించెను. అటుతరువాత లేవీయులను తమ స్థలములలో నిలిపెను. జనులు మరల ధాన్యమును ద్రాక్షారసమును నూనెను ఖజానాకు తెచ్చిరి (13:11, 12).

పారవేయుట, కడుగుట, నింపుట. పశ్చాత్తాపములో మొదటి రెండింటిని అనేకులు చేయుదురు. ఉజ్జీవ కూటములలో కన్నీరు విడుతురు, చెడ్డ పుస్తకములు కాల్చుదురు, ప్రమాణములు చేయుదురు. మూడవదానిని మరచుటచేత ఆరు మాసములకే ఆ గదికి మరల అద్దెకాపు వచ్చును. గోడ 52 దినములలో ముగియును, గది మాత్రము ప్రతిదినము నింపవలెను. సాంబ్రాణి ఉన్నంతకాలము టోబీయాకు మంచము వేయుటకు చోటు లేదు.

కుటుంబములోను తరగతిలోను ధ్యానించుటకు

1. యింటి గోడలో ఏ చోట పలుచగానున్నది? దానిని గురించి ఎవరితో కలిసి ప్రార్థింపవచ్చును?
2. ఆరు వేషములలో ఏది ఈ సంవత్సరమున ఎక్కువగా వచ్చినది? దానికి ఇచ్చిన జవాబు ఏమి?
3. మెషుల్లామువలె చేతితో కట్టి వియ్యముతో తెరచిన గుమ్మము కుటుంబములో ఉన్నదా? కట్న విషయములో ఈ యింటివారి తీర్మానమేమి?
4. ఒకప్పుడు దేవునికి ప్రత్యేకింపబడి ఇప్పుడు వేరొకదానికి అప్పగింపబడిన గడియ, సొమ్ము, స్థలము ఏది? దానిని ఖాళీచేసిన పిమ్మట దేనితో నింపవలెను?